హెన్రీ ఫోర్డ్

హెన్రీ ఫోర్డ్ (జూలై 30, 1863 - ఏప్రిల్ 7, 1947) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త, ఫోర్డ్ మోటార్ కంపెనీ స్థాపకుడు. సామాన్యులు కొనగలిగిన ధరకు మోటారు కారును తయారు చేసినవాడిగా, కార్ల నిర్మాణంలో కదిలే అసెంబ్లీ లైను పద్ధతిని ప్రవేశపెట్టినవాడిగా, 1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. మిచిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరం మోటారు పరిశ్రమకు రాజధానిగా మారడంలో ఇతని పాత్ర చాలా పెద్దది. అయితే ఇతని కర్మాగారాలలో అతి పెద్దవైన హైలాండ్ పార్క్, రూజ్ రెండూ డెట్రాయిట్ నగరపాలక సంస్థ సరిహద్దులకు వెలుపలనే నిర్మించబడ్డాయి. అందరికంటే ఎక్కువ జీతం ఇచ్చి పేరు పొందిన ఫోర్డ్, కార్మిక సంఘాన్ని మాత్రం డెట్రాయిట్ పెద్ద కంపెనీల యజమానులందరికంటే ఎక్కువ కాలం ప్రతిఘటించాడు. అందువలన ఇతని జీవితము, డెట్రాయిట్ నగర చరిత్ర ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి.

మోటారు కారుకు ముందు డెట్రాయిట్

డెట్రాయిట్ నగరాన్ని 1701 జూలై 24న ఫ్రెంచి అధికారి ఆంత్వాన్ కాడిలాక్ ఒక కోటగా స్థాపించాడు. ఫ్రెంచి భాషలో ఈ పేరుకు జలసంధి అని అర్థం. ఈరీ, హ్యూరన్ సరస్సుల మధ్యనున్న జలమార్గంపై ఈ ఊరు వెలసింది. 1825లో ఈరీ కాలువ ప్రారంభమైన తరువాత తూర్పు రాష్ట్రాలనుండి జనం, సరకులు ఇక్కడికి సులభంగా చేరసాగాయి. మిచిగన్ అడవుల కలప, సుపీరియర్ సరస్సు ప్రాంతపు ఇనుప ఖనిజం, రాగి పడవలపై వచ్చేవి. 19వ శతాబ్దం చివరికి ఇక్కడ వంట పొయ్యిలు, రైలు పెట్టెలు, ఓడలు, గుర్రపు బగ్గీలు, మందులు, పొగాకు ఉత్పత్తులు తయారవుతుండేవి. లోహపు పని, ఇంజన్ల పని తెలిసిన వందలాది చేతిపనివారు, లాభాలకోసం కొత్త పెట్టుబడి మార్గాలు వెదికే ధనవంతులు ఇద్దరూ నగరంలో ఉండడం తరువాతి మోటారు పరిశ్రమకు పునాది అయింది. 1900లో నగర జనాభా 2,85,704.

బాల్యము

హెన్రీ ఫోర్డ్ డెట్రాయిట్‌కు పశ్చిమాన, ఇప్పటి డియర్‌బోర్న్ ప్రాంతంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం ఫోర్డ్ ఐర్లాండులోని కార్క్ ప్రాంతంనుండి వలస వచ్చిన రైతు. తల్లి మేరీ లిటోగాట్ బెల్జియం వలసదారుల కుమార్తె. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి పొరుగువారింట పెరిగింది. హెన్రీకి చదువుకంటె యంత్రాలపై ఆసక్తి ఎక్కువ. తండ్రి ఇచ్చిన జేబు గడియారాన్ని విప్పి మళ్ళీ బిగించడంతో మొదలుపెట్టి, పదిహేనేళ్ళ వయసుకే ఇరుగుపొరుగుల గడియారాలు బాగుచేసేవాడుగా పేరు తెచ్చుకున్నాడు. 1876లో తల్లి మరణించింది. అదే సంవత్సరం డెట్రాయిట్ వెళ్ళే దారిలో, గుర్రాలు లేకుండా తనంతట తానే నడిచే ఆవిరి యంత్రాన్ని మొదటిసారి చూశాడు. ఆ దృశ్యం ఇతనిపై గాఢమైన ముద్ర వేసింది.

తాను రైతుగా స్థిరపడాలని తండ్రి ఆశించినా, 1879లో ఫోర్డ్ డెట్రాయిట్ వెళ్ళి యంత్రాల వర్క్‌షాపులో, తరువాత ఓడల నిర్మాణ సంస్థలో అప్రెంటిస్‌గా పనిచేశాడు. 1882లో ఇంటికి తిరిగివచ్చి, వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆవిరి యంత్రాలను పొలాలవెంట తిరిగి మరమ్మతు చేసే ఉద్యోగం చేశాడు. 1888లో క్లారా బ్రయంట్‌ను వివాహమాడాడు. తండ్రి ఇచ్చిన భూమిలో రంపపు మిల్లు నడుపుతూ కొంతకాలం గడిపాడు.

ఎడిసన్ కంపెనీలో ఉద్యోగం, మొదటి బండి

1891లో ఫోర్డ్ దంపతులు డెట్రాయిట్‌కు తరలివెళ్ళారు. విద్యుత్తును గురించి నేర్చుకోవలెనన్న కోరికతో ఫోర్డ్ అక్కడి ఎడిసన్ ఇల్యూమినేటింగ్ కంపెనీలో చేరి, 1893లో ప్రధాన ఇంజనీరు అయ్యాడు. ఆ సంవత్సరం నవంబరులో ఏకైక సంతానం ఎడ్సెల్ జన్మించాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఫోర్డ్ తాను తయారు చేసిన చిన్న పెట్రోలు ఇంజనును వంటింటి తొట్టికి బిగించి నడిపి చూశాడు. క్లారా ఇంధనం చుక్కలు చుక్కలుగా పోస్తూ సాయపడింది.

1896 జూన్ 4 తెల్లవారుజామున, బాగ్లీ వీధిలోని ఇంటి వెనుక షెడ్డులో తయారైన తన మొదటి బండిని బయటికి తీయబోతే, అది తలుపు వెడల్పుకు మించి ఉన్నట్లు తేలింది. గొడ్డలితో గోడ ఇటుకలు పగులగొట్టి బండిని వీధిలోకి నడిపించాడు. నాలుగు సైకిలు చక్రాలమీద నడిచే ఈ బండికి క్వాడ్రిసైకిల్ అని పేరు. డెట్రాయిట్ వీధులలో మొదట మోటారు బండి నడిపినవాడు ఫోర్డ్ కాదు. అదే సంవత్సరం మార్చిలో చార్లెస్ కింగ్ అనే ఇంజనీరు తన బండిని నడిపాడు. ఆ వేసవిలో న్యూయార్కులో జరిగిన ఒక సమావేశంలో థామస్ అల్వా ఎడిసన్ ఫోర్డ్‌ను ప్రోత్సహించాడు. వీరి స్నేహం ఎడిసన్ మరణం వరకు కొనసాగింది.

రెండు వైఫల్యాలు, మూడవ కంపెనీ

1899లో ఫోర్డ్ ఉద్యోగం మాని, నగర ధనవంతుల పెట్టుబడితో డెట్రాయిట్ ఆటోమొబైల్ కంపెనీ ప్రారంభించాడు. తయారైన బండ్లు ఖరీదు ఎక్కువ, నాణ్యత తక్కువ కావడంతో అది 1901లో మూతపడింది. ఆ సంవత్సరం అక్టోబరులో గ్రోస్ పాయింట్ పందెంలో అలెగ్జాండర్ వింటన్ అనే ప్రసిద్ధ కార్ల తయారీదారును ఫోర్డ్ ఓడించడంతో పెట్టుబడిదారులు మళ్ళీ ముందుకు వచ్చి హెన్రీ ఫోర్డ్ కంపెనీని ఏర్పాటు చేశారు. వారితో అభిప్రాయభేదాలు రాగా 1902లో ఫోర్డ్ దానినుండి వైదొలగాడు. ఆ కంపెనీయే హెన్రీ లేలాండ్ చేతిలో కాడిలాక్ కంపెనీగా మారింది.

1903 జూన్ 16న, బొగ్గు వ్యాపారి అలెగ్జాండర్ మాల్కంసన్, జాన్, హొరేస్ డాడ్జ్ సోదరులు, లెక్కలలో నేర్పరి అయిన జేమ్స్ కజెన్స్ తదితరుల భాగస్వామ్యంతో ఫోర్డ్ మోటార్ కంపెనీ స్థాపించబడింది. చేతికి వచ్చిన నగదు పెట్టుబడి 28,000 డాలర్లు మాత్రమే. ఇంజన్లు, ఇతర ప్రధాన భాగాలు డాడ్జ్ సోదరుల వర్క్‌షాపునుండి వచ్చేవి. మాక్ అవెన్యూలోని అద్దె షెడ్డులో వాటిని కూర్చేవారు. 1904లో కంపెనీ పికెట్ అవెన్యూలోని సొంత భవనానికి మారింది.

మోడల్ టి

ధనవంతులకు ఖరీదైన కార్లు అమ్మవలెనని మాల్కంసన్, రైతులకు, చిరుద్యోగులకు చౌకైన కారు అమ్మవలెనని ఫోర్డ్ వాదించారు. 1906లో మాల్కంసన్ వాటాలు కొనివేసిన తరువాత ఫోర్డ్ మాటకు ఎదురు లేకపోయింది. 1908 అక్టోబరు 1న మోడల్ టి కారు విడుదలయింది. తేలికైన, గట్టి వనాడియం ఉక్కుతో తయారై, పల్లెటూరి బురద దారులలో కూడా నడవగలిగేది. రైతే స్వయంగా బాగుచేసుకోవడానికి వీలుగా ఉండేది. ఉత్పత్తి పెరిగినకొద్దీ ధర తగ్గించడం ఫోర్డ్ విధానం. 1908లో 850 డాలర్లున్న టూరింగ్ కారు ధర 1916 నాటికి 360 డాలర్లకు దిగింది. 1927లో ఆగిపోయేనాటికి ఒకటిన్నర కోటికి పైగా మోడల్ టి కార్లు తయారయ్యాయి. ఈ రికార్డును 1972లో గాని మరొక కారు అధిగమించలేదు.

హైలాండ్ పార్క్, అసెంబ్లీ లైను

1910లో ఫోర్డ్ తన ఉత్పత్తిని హైలాండ్ పార్క్‌లో నిర్మించిన కొత్త కర్మాగారానికి మార్చాడు. దీని రూపశిల్పి ఆల్బర్ట్ కాన్. హైలాండ్ పార్క్ అన్ని వైపులా డెట్రాయిట్ విస్తరించినా దానిలో కలవకుండా ప్రత్యేక పురపాలక సంఘంగా మిగిలిపోయిన ఊరు. కర్మాగారం వచ్చిన పదేళ్ళలో దీని జనాభా నాలుగు వేలనుండి నలభై ఆరు వేలకు పెరిగింది.

పనివాడు వస్తువు దగ్గరికి వెళ్ళడం కాక, వస్తువే పనివాని దగ్గరికి రావడం అసెంబ్లీ లైనులోని ముఖ్య సూత్రం. చికాగో మాంసపు కర్మాగారాలలో కొక్కేలకు వ్రేలాడే పశువుల కళేబరాలు ఒక్కొక్క పనివాని ముందుకు కదలి వచ్చే పద్ధతిని ఫోర్డ్ ఇంజనీర్లు గమనించారు. 1913 వసంతంలో మాగ్నెటో అనే చిన్న విద్యుత్ భాగంతో ఈ ప్రయోగం మొదలయింది. ఒక్కడే కూర్చుంటే 20 నిమిషాలు పట్టే పని, విభజించి క్రమబద్ధం చేసిన తరువాత 5 నిమిషాలకు తగ్గింది. అదే సంవత్సరం అక్టోబరులో కారు ఛాసిస్ నిర్మాణానికి ఈ పద్ధతి వర్తింపజేశారు. పన్నెండున్నర గంటలు పట్టే పని 1914 నాటికి 93 నిమిషాలలో పూర్తి కాసాగింది. ఈ విధానం ఫోర్డ్ ఒక్కని సృష్టి కాదు. చార్లెస్ సోరెన్సెన్, క్లారెన్స్ ఏవరీ మొదలైన పలువురి కృషి ఇందులో ఉంది.

రోజుకు ఐదు డాలర్లు

కొత్త పద్ధతి యంత్రాలకు అనుకూలించినా మనుషులకు అనుకూలించలేదు. రోజంతా ఒకే మరను బిగించే పనిని భరించలేక కార్మికులు మానివేయసాగారు. 1913లో సుమారు 14,000 మందిని పనిలో నిలుపుకోవడానికి కంపెనీ 52,000 మందిని చేర్చుకోవలసి వచ్చింది. ఈ పరిస్థితిలో 1914 జనవరి 5న ఫోర్డ్, కజెన్స్ ఒక ప్రకటన చేశారు. రోజుకు 9 గంటల పనికి 2.34 డాలర్లున్న వేతనం 8 గంటల పనికి 5 డాలర్లుగా మారింది. వారం తిరగకముందే సుమారు పదివేల మంది ఉద్యోగార్థులు కర్మాగారం ద్వారం వద్ద గుమిగూడారు. జనవరి 12న తొక్కిసలాట జరగగా, గడ్డకట్టే చలిలో వారిపై గొట్టాలతో నీళ్ళు చిమ్మి చెదరగొట్టారు.

ఐదు డాలర్లలో సుమారు సగం మాత్రమే జీతం. మిగిలినది లాభాలలో వాటా. అది షరతులకు లోబడి ఇవ్వబడేది. ఆరు నెలల సర్వీసు ఉండాలి. సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అనే విభాగపు ఉద్యోగులు కార్మికుల ఇళ్ళకు వెళ్ళి శుభ్రత, పొదుపు, మద్యపానం, కుటుంబ జీవనం గురించి విచారించి, తృప్తి చెందితేనే పూర్తి మొత్తం అందేది. మహిళలకు మొదట ఈ పథకం వర్తించలేదు. వలసదారులకు ఇంగ్లీషు నేర్పే పాఠశాల కూడా కంపెనీ నడిపింది. ఈ పథకం వలన వేలాది కుటుంబాలు సొంత ఇళ్ళు కట్టుకోగలిగిన మాట నిజం. యజమాని దృష్టి కర్మాగారపు గేటు దాటి ఇంటి లోపలికి ప్రవేశించిన మాట కూడా అంతే నిజం. 1921 నాటికి ఈ విభాగం కనుమరుగైంది. 1926లో ఫోర్డ్ కంపెనీ వారానికి ఐదు రోజుల పనిని అమలు చేసింది.

నగర విస్తరణ

మంచి జీతాల వార్త దేశదేశాలకు పాకింది. పోలండు, హంగరీ, ఇటలీ, సిరియా, లెబనాన్ ప్రాంతాలనుండి, అమెరికా దక్షిణ రాష్ట్రాలనుండి జనం డెట్రాయిట్ చేరారు. జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా ఇలా మారింది:

* 1900 - 2,85,704
* 1910 - 4,65,766
* 1920 - 9,93,678
* 1930 - 15,68,662
* 1950 - 18,49,568
* 2020 - 6,39,111

1920 నాటికి డెట్రాయిట్ దేశంలో నాలుగవ పెద్ద నగరం. 1910లో సుమారు 5,700 మాత్రమే ఉన్న నల్లజాతివారి సంఖ్య 1930 నాటికి 1,20,000 దాటింది. ఇతర కార్ల కంపెనీలకంటె ఎక్కువ సంఖ్యలో నల్లజాతివారికి ఉద్యోగాలిచ్చినవాడు ఫోర్డే. వారి చర్చి పాస్టర్ల సిఫారసులపై కంపెనీ నియామకాలు చేసేది. కొందరికి నైపుణ్యం గల పనులు దొరికినా, ఎక్కువమందికి దక్కినవి వేడి, పొగ, ప్రమాదం ఎక్కువగా ఉండే పోత విభాగంలోని పనులే. రూజ్ కర్మాగారం ఉన్న డియర్‌బోర్న్‌లో వారికి నివాసం దొరికేది కాదు. అందువలన వారు డెట్రాయిట్‌లోని ఇరుకు పేటలనుండి గాని, దగ్గరి ఇంక్‌స్టర్ అనే ఊరినుండి గాని పనికి వచ్చేవారు.

రూజ్ కర్మాగారం

1916లో ఫోర్డ్ లాభాలు పంచకుండా విస్తరణకు వినియోగిస్తున్నాడని డాడ్జ్ సోదరులు న్యాయస్థానానికి వెళ్ళారు. 1919లో మిచిగన్ సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. దీనితో ఫోర్డ్ అదే సంవత్సరం భాగస్వాములందరి వాటాలను 10 కోట్లకు పైగా డాలర్లు చెల్లించి కొనివేశాడు. కంపెనీ పూర్తిగా కుటుంబం చేతిలోకి వచ్చింది. అంతకుముందే, 1918 చివర, అధ్యక్ష పదవిని కుమారుడు ఎడ్సెల్‌కు ఇచ్చినా పెత్తనం మాత్రం తండ్రిదే.

డియర్‌బోర్న్‌లో రూజ్ నది ఒడ్డున 1917లో ప్రారంభమైన నిర్మాణం 1928 నాటికి పూర్తయింది. ఒకటిన్నర మైళ్ళ పొడవు, ఒక మైలు వెడల్పు, 93 భవనాలు, సుమారు 100 మైళ్ళ అంతర్గత రైలు పట్టాలతో అది ఆనాటి ప్రపంచంలో అతి పెద్ద సమీకృత కర్మాగారం. ఒకవైపు ఓడలమీద ఇనుప ఖనిజం, బొగ్గు దిగితే, మరొకవైపు పూర్తయిన కార్లు బయటికి వచ్చేవి. ఉక్కు, గాజు, విద్యుత్తు అన్నీ లోపలే తయారయ్యేవి. లక్షకు పైగా కార్మికులు పనిచేసిన కాలం ఉంది. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932-33లో డెట్రాయిట్ కళామందిరంలో వేసిన 27 కుడ్యచిత్రాలకు ఈ కర్మాగారమే ప్రధాన ఆధారం. వాటికి ధనసహాయం చేసినవాడు ఎడ్సెల్.

రాజకీయాలు, యూదు వ్యతిరేక ప్రచారం

మొదటి ప్రపంచయుద్ధాన్ని ఆపవలెనన్న సంకల్పంతో ఫోర్డ్ 1915 డిసెంబరులో ఒక ఓడను అద్దెకు తీసుకొని శాంతివాదులతో యూరపుకు ప్రయాణమయ్యాడు. ఆ ప్రయత్నం నవ్వులపాలైంది. 1918లో సెనేట్ ఎన్నికలలో స్వల్ప తేడాతో ఓడిపోయాడు.

ఫోర్డ్ జీవితంలో మాయని మచ్చ ఇతని యూదు ద్వేషం. ఇతని యాజమాన్యంలోని డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ వారపత్రిక 1920 మే నెలనుండి యూదులపై అబద్ధపు ఆరోపణలతో వ్యాసాలు ప్రచురించింది. అవి పుస్తకాలుగా వెలువడి జర్మనీతో సహా పలు దేశాలలో వ్యాపించాయి. ఆరన్ సపీరో అనే న్యాయవాది పరువు నష్టం దావా వేయడంతో 1927లో ఫోర్డ్ బహిరంగంగా క్షమాపణ ప్రకటించి పత్రికను మూసివేశాడు. అయినప్పటికీ 1938లో, తన 75వ జన్మదినాన, నాజీ జర్మనీ ప్రభుత్వ పతకాన్ని స్వీకరించాడు.

ఆర్థిక మాంద్యం

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం, కార్ల అమ్మకాలపైనే బ్రతికే డెట్రాయిట్‌ను తీవ్రంగా దెబ్బతీసింది. ఫోర్డ్ కంపెనీ వేలాది మందిని తొలగించింది. వారిలో అధికభాగం డెట్రాయిట్ నివాసులు కావడంతో వారి పోషణభారం నగరంపై పడింది. కర్మాగారపు పన్ను మాత్రం డియర్‌బోర్న్‌కు చేరేది.

1932 మార్చి 7న సుమారు మూడు వేలకు పైగా నిరుద్యోగులు ఉద్యోగాలు, వైద్యసహాయం కోరుతూ డెట్రాయిట్‌నుండి రూజ్ కర్మాగారానికి ఊరేగింపుగా వెళ్ళారు. డెట్రాయిట్ పరిధిలో ఊరేగింపు ప్రశాంతంగా సాగింది. డియర్‌బోర్న్ సరిహద్దు దాటగానే పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. తరువాత పోలీసులు, కంపెనీ భద్రతా సిబ్బంది కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే మరణించగా, ఐదవ వ్యక్తి కొంతకాలానికి చనిపోయాడు. అంత్యక్రియలకు డెట్రాయిట్ వీధులలో వేలాది జనం హాజరయ్యారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో, ఒక పెద్ద బ్యాంకు సంస్థను కాపాడే ఏర్పాటుకు తన డిపాజిట్ల విషయంలో ఫోర్డ్ అంగీకరించకపోవడం మిచిగన్ రాష్ట్రంలోని బ్యాంకులన్నీ మూతపడడానికి ఒక కారణమయింది.

కార్మిక సంఘంతో పోరాటం

1937లో జనరల్ మోటార్స్, క్రిస్లర్ కంపెనీలు యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘాన్ని గుర్తించాయి. ఫోర్డ్ మాత్రం ససేమిరా అన్నాడు. కంపెనీ భద్రతా విభాగాధిపతి హారీ బెన్నెట్ మల్లయోధులను, మాజీ నేరస్థులను చేర్చుకొని కార్మికులపై నిఘా ఉంచాడు. 1937 మే 26న రూజ్ కర్మాగారం వద్ద వంతెనపై కరపత్రాలు పంచడానికి వచ్చిన వాల్టర్ రాయిథర్, రిచర్డ్ ఫ్రాంకెన్‌స్టీన్ తదితర సంఘ నాయకులను బెన్నెట్ మనుషులు తీవ్రంగా కొట్టారు. డెట్రాయిట్ న్యూస్ ఫోటోగ్రాఫరు తీసిన చిత్రాలు దేశమంతటా ప్రచురితమై ప్రజాభిప్రాయాన్ని మార్చాయి.

1941 ఏప్రిల్ 1న రూజ్ కర్మాగారంలో సమ్మె మొదలయింది. సమ్మెకు మొదట దూరంగా ఉన్న నల్లజాతి కార్మికులలో చాలామంది తమ నాయకుల పిలుపుపై సంఘం వైపు వచ్చారు. మే నెలలో జరిగిన ఎన్నికలో సంఘానికి భారీ ఆధిక్యం లభించింది. జూన్ 20న ఫోర్డ్ కుదుర్చుకున్న ఒప్పందం, మిగిలిన కంపెనీలు ఇచ్చినదానికంటె కార్మికులకు ఎక్కువ అనుకూలంగా ఉండడం విశేషం. రక్తపాతం జరిగితే తాను ఇల్లు వదలి వెళ్తానని భార్య క్లారా హెచ్చరించడమే ఇందుకు కారణమని సోరెన్సెన్ తన జ్ఞాపకాలలో వ్రాశాడు.

చివరి సంవత్సరాలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విల్లో రన్ కర్మాగారంలో కంపెనీ 8,685 బి-24 బాంబర్ విమానాలను తయారు చేసింది. యుద్ధ పరిశ్రమల ఉద్యోగాలకోసం వచ్చిన జనంతో డెట్రాయిట్ కిక్కిరిసిపోయింది. ఇళ్ళ కొరత, జాతి వివక్ష ముదిరి 1943 జూన్‌లో అల్లర్లు జరిగి 34 మంది మరణించారు. వారిలో 25 మంది నల్లజాతివారు. అంతకు నెలరోజుల క్రితం, మే 26న, ఎడ్సెల్ క్యాన్సరుతో 49వ ఏట మరణించాడు. ఎనభైవ ఏట అడుగిడబోతున్న ఫోర్డ్ మళ్ళీ అధ్యక్షుడయ్యాడు గాని, ఆరోగ్యం, జ్ఞాపకశక్తి అప్పటికే క్షీణించాయి. కుటుంబ స్త్రీల ఒత్తిడిపై 1945 సెప్టెంబరులో మనుమడు రెండవ హెన్రీ ఫోర్డ్‌కు పదవి అప్పగించాడు. అతడు వెంటనే బెన్నెట్‌ను తొలగించాడు.

1947 ఏప్రిల్ 7 రాత్రి డియర్‌బోర్న్‌లోని తన ఇంట ఫోర్డ్ మరణించాడు. రూజ్ నదికి వరదవచ్చి ఇంటి విద్యుత్ కేంద్రం ఆగిపోవడంతో ఆ రాత్రి నూనె దీపాలు, కొవ్వొత్తులే వెలిగాయి. సుమారు లక్షమంది ప్రజలు ఇతని భౌతికకాయాన్ని దర్శించారు. డెట్రాయిట్‌లోని ఫోర్డ్ కుటుంబ శ్మశానవాటికలో సమాధి చేశారు.

భారతదేశంతో సంబంధాలు

1941లో ఫోర్డ్ మహాత్మా గాంధీకి అభినందన లేఖ పంపగా, గాంధీ తన సంతకంతో ఒక రాట్నాన్ని బహూకరించాడు. అది డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ మ్యూజియంలో భద్రపరచబడింది. ఫోర్డ్ కుటుంబం 1936లో స్థాపించిన ఫోర్డ్ ఫౌండేషన్ 1952లో ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. 1960 దశాబ్దంలో ఈ సంస్థ తోడ్పాటుతో అమలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకంలో పశ్చిమ గోదావరి జిల్లా ఒకటి. 1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పాటుకు చొరవ తీసుకున్న సంస్థలలో కూడా ఫోర్డ్ ఫౌండేషన్ ఉంది.

ఫోర్డ్ అనంతరం డెట్రాయిట్

1950 తరువాత కర్మాగారాలు శివార్లకు, ఇతర రాష్ట్రాలకు తరలిపోసాగాయి. ఈ ధోరణికి ఆద్యులలో ఫోర్డ్ ఒకడు. మొదట హైలాండ్ పార్క్‌కు, తరువాత డియర్‌బోర్న్‌కు ఇతడు నడచిన దారినే ఇతరులు ఇంకా దూరం నడిచారు. కొత్త రహదారులు, శివారు ఇళ్ళు, సొంత కారు కలసి నగరాన్ని ఖాళీ చేశాయి. 1967 జూలై అల్లర్లలో 43 మంది మరణించారు. 2013 జూలై 18న సుమారు 18 బిలియన్ డాలర్ల బాధ్యతలతో నగరపాలక సంస్థ దివాలా పిటిషను దాఖలు చేసి, 2014 డిసెంబరులో దానినుండి బయటపడింది. 1988లో మూతపడి శిథిలమైన మిచిగన్ సెంట్రల్ రైల్వే స్టేషను భవనాన్ని ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, పునరుద్ధరించి 2024 జూన్‌లో తెరిచింది.

ఫోర్డ్ ప్రవేశపెట్టిన ఉత్పత్తి పద్ధతి ప్రపంచంలోని అన్ని పరిశ్రమలకూ వ్యాపించింది. కార్మికుడే తాను చేసిన వస్తువును కొనగలగాలన్న విధానం తరువాతి ఆర్థికవేత్తల చర్చలకు ఆధారమయింది. అయితే డెట్రాయిట్ కార్మికునికి ఆ హక్కు స్థిరపడినది 1914 జనవరిలో యజమాని ఇచ్చిన ప్రకటనతో కాదు, 1941 జూన్‌లో సంఘం చేతికి వచ్చిన ఒప్పందంతో. మొదటిది ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కు తీసుకోగలిగినది. రెండవది ఇరుపక్షాలు సంతకం చేసినది.